పోపు సీటుకి రొటేషన్ అడిగిన మనిషి

ఆ వీడియో నిన్న మళ్లీ వచ్చింది. ఈసారి పంపింది మా స్కూలు లెక్కల మాస్టారు. కింద పగలబడి నవ్వే పసుపుపచ్చ మొహాలు అరడజను. "మీలో ఇంత కామెడీ ఉందని తెలీదు సార్" అని ఒక ముక్క. వీడియో పట్టుమని నిమిషం కూడా ఉండదు. శ్రీకాకుళంలో ఒక కేబుల్ చానల్ స్టూడియో. నేను ఇస్త్రీ చొక్కా వేసుకుని కూర్చుని, బిషప్పుగారిని ఒక ముసలాయన అడిగిన ప్రశ్న గురించి చెబుతాను. యాంకరమ్మ నవ్వు ఆపుకోలేక బల్ల మీద కొడుతుంది. నా పక్కన మా ఫాదరుగారు నవ్వుతారు. అందరికంటే ముందు నేనే నవ్వుతాను, మాట పూర్తి కాకుండానే.

ఒళ్లు మండిపోయింది. ఎవడు కోశాడో ఆ ముక్కని, ఎవడు ఊరి మీద వదిలాడో గానీ, వాడు కనబడితే నాలుగు తగిలించాలని ఉంది. పోపుగారు పోయి, కొత్త పోపుగారు ఎవరా అని లోకమంతా టీవీల ముందు కూర్చున్న రోజుల్లో తీసిన కార్యక్రమం అది. ఆ కొత్తాయన వచ్చి కుదురుకున్నారు కూడా. ఈ వీడియో మాత్రం ఇంకా తిరుగుతూనే ఉంది.

నవ్విన వాళ్లలో ఒక్కరికైనా ఆ ముసలాయన ఎవరో తెలుసా? తెలీదు. అందుకని చెబుతాను. విన్న తర్వాత కూడా నవ్వు వస్తే, మీ ఇష్టం, నవ్వుకోండి.

రాజాం అవతల మా పేటలో ఆయన ఉపదేశి. ఆర్‌సీఎం గుడి, అంటే రోమన్ కేథలిక్ గుడి ఉన్న ఊళ్లలో పుట్టినవాళ్లకి ఈ మాట చెప్పక్కర్లేదు. మిగతావాళ్ల కోసం: ఫాదరుగారు నెలకోసారి వస్తారు, మిగిలిన అన్ని రోజులూ ఉపదేశే గుడి. పిల్లలకి జపాలు నేర్పేది ఆయన, పెళ్లి ప్రకటన చదివేది ఆయన, పేటలో మొగుడూ పెళ్లాం కొట్టుకుంటే మధ్యన నిలబడి రెండు దెబ్బలు తినేది ఆయన. పేట మొత్తానికీ ఏదో ఒక వరస. నాకు మావ.

మనిషి పొట్టి, గొంతు పెద్దది. మైకు పెడితే చిరాకు పడేవాడు. "నా గొంతుకేటయిందిరా, దీన్ని తీసీండి" అని పక్కకి నెట్టేసేవాడు. చొక్కా పైజేబులో జపమాల, కింద జేబులో సైకిలు పంచరు వేసే రబ్బరు ముక్క. ఎండలో ఏ గట్టు మీదో కూలబడితే వేళ్ల మీద లెక్క కట్టేవాడు. "మూడున్నర గంటలు తీసీరా. ఇప్పుడు రోములో పోపుగారు లేచుంటారు. కాపీ తాగతన్నారేమో." ఆయనకి పోపు అంటే ఫొటోలో ఉండే దేవుడి మనిషి కాడు. పక్క ఊళ్లో ఉండే పెద్దన్న లాంటివాడు. ఒంట్లో బాగాలేదని రేడియోలో వింటే, "పెద్దోడు ఈ ఎండకి ఎలగున్నాడో" అని మా అత్తతో అనేవాడు. రోములో ఇంకా చలి తగ్గలేదని చెప్పినా వినేవాడు కాదు.

ఆయన చేతి కింద పదకొండు పల్లెలుండేవి. "నా సర్కిలు" అనేవాడు, సీఐ గారిలా. ఆ సర్కిల్లో ఎవరికైనా ప్రాణం మీదికొచ్చిందని కబురందితే చాలు, సైకిలు తీసేవాడు. ఇంట్లోకి వెళ్లడంతోనే కేకలు. "ఏడుపులు తరవాత ఏడండి! ముందు బల్ల తేండి. ఉతికిన తెల్లగుడ్డ నేదేటి ఇంటిలో? మైనపొత్తి ఏది?" బల్ల మీద తెల్లగుడ్డ పరిచి, ఒత్తి వెలిగించి, చెంబులో నీళ్లు పెట్టి, దూది ఉండలు తనే చుట్టి వరసగా పెట్టేవాడు. ప్రాణం పోకముందే ఫాదరుగారు వచ్చి పవిత్ర తైలం పుయ్యాలి, అది తుడవడానికి ఆ దూది. అన్నీ అమిరాక మంచం దగ్గరికి వంగి చెవిలో చెప్పేవాడు, "బెంగెట్టుకోకు. ఫాదరుగార్ని తెస్తన్నాను." అప్పుడు మళ్లీ సైకిలెక్కి ఫాదరుగారుండే విచారణ బంగళాకి పోయి, ఆయన్ని వెనక క్యారేజీ మీద కూర్చోబెట్టుకుని తెచ్చేవాడు.

మా అమ్మకి అలాగే తెచ్చాడు. నేను అప్పుడు టీచరు ట్రైనింగులో ఉన్నాను, కబురంది వచ్చేసరికి వానలు. గెడ్డ పొంగి ఊరికి దారి లేదు. ఫాదరుగారు రారు, ఎలా వస్తారు అని నేను గుమ్మంలో కూలబడ్డాను. మావ వచ్చాడు. నడుం దాకా బురద. మెడ మీద ఫాదరుగారు, చంటిపిల్లాడిలా రెండు కాళ్లు అటూ ఇటూ వేసుకుని, తైలం సీసా నెత్తి మీద ఎత్తి పట్టుకుని. అరుగు మీద ఆయన్ని దింపి మావ అన్న మాట ఒకటే. "బల్లెట్టినారా?" అమ్మకి ఇంకా తెలివుంది. తైలం పూస్తుంటే కళ్లు తెరిచి చూసింది. ఆ చూపు చాలు నాకు, ఈ జన్మకి.

ఆయన గొప్పలు చెప్పుకునే మనిషి కాదు. ఒక్క గొప్ప మాత్రం చెప్పుకునేవాడు. "నా సర్కిల్లో ఫాదరుగారు రాకుండా ఒక్కడూ పోనేదురా. ఒక్కడు సెప్పు సూద్దారి." నిజమే, ఒక్కరు కూడా లేరు.

ఇక ఆ ప్రశ్న సంగతి.

మా పంచాయతీకి సర్పంచి సీటు ఒకసారి ఎస్సీకి రిజర్వయింది. జన్మలో మొదటిసారి మా పేట మనిషి ఆ కుర్చీలో కూర్చున్నాడు. రొటేషన్ అనే మాట మా మావకి అప్పుడు తెలిసింది. తెలిసిన దగ్గర్నుంచీ దాన్ని వదల్లేదు. ఒకసారి జనరల్, ఒకసారి బీసీ, ఒకసారి ఆడవాళ్లకి, ఒకసారి మనకి. ఎంత చక్కటి ఏర్పాటు! ఇంత చక్కటి ఏర్పాటు ఢిల్లీవాళ్లకి తట్టి రోమువాళ్లకి తట్టకుండా ఉంటుందా? ఆయన నమ్మకం అది. పోపు సీటుకి కూడా రొటేషన్ ఉందనీ, మన వంతు రావడం ఆలస్యమవుతోందనీ అనుకున్నాడు. గుడి క్యాలెండరు వెనక పెన్సిలుతో ఒక పట్టిక కూడా గీశాడు. ఐరోపా, జనరల్. మళ్లీ ఐరోపా, జనరల్. "ఇదేటిరా, జనరల్ మీద జనరల్ ఇచ్చీస్తన్నారు! కలెక్టరు సూడ్డం నేదేటి?" అని నన్ను నిలదీసేవాడు, నేనేదో ఆ కలెక్టరాఫీసు గుమస్తానైనట్టు. ఒక పోపుగారు పోయినప్పుడల్లా ఆ పట్టిక బయటికొచ్చేది. "ఈపాలి ఆఫ్రికావోల్లకి. దాని తరవాత మనకే. రాసుకో."

బిషప్పుగారు మా గుడి వరండా తెరవడానికి వచ్చినప్పుడు భోజనాలయ్యాక, ఎవరైనా ఏమైనా అడగండి అన్నారు. ఒకరు బోరు అడిగారు. ఒకరు గంట అడిగారు. మావ లేచి చేతులు కట్టుకున్నాడు.

"అయ్యా, సర్పంచికి రొటేషనున్నాది. ఎంపీటీసీకున్నాది. పోపుగారి సీటుకి నేదేటి? మా పేటోల్లకి ఎప్పుడొస్తాది?"

బిషప్పుగారు ముందు వినపడనట్టు చూశారు. తర్వాత నవ్వారు. కళ్లజోడు తీసి తుడుచుకునేంత నవ్వు. ఆయన నవ్వగానే పక్కనున్న ఫాదర్లు, సిస్టర్లు, మేమంతా. నేనూ నవ్వాను. చదువుకున్నవాణ్ని కదా, నవ్వకపోతే ఎలా? మావ మాత్రం చేతులు కట్టుకుని అలాగే నిలబడ్డాడు. నవ్వులు అయిపోతే జవాబు వస్తుందని చూస్తున్నాడు. బిషప్పుగారు "మంచిది, మంచిది, ప్రార్థన చెయ్యండి" అని కారెక్కారు.

దారిలో అడిగాడు. "ఒరే అల్లుడూ, ఎందుకు నవ్వినార్రా ఆల్లు?"

"అది పంచాయతీ ఎలక్షను కాదు మావా. కార్డినళ్లని ఉంటారు. వాళ్లు ఓటేసి ఎన్నుకుంటారు."

"ఆల్లని ఎవులు ఎడతారు?"

"పోపుగారు."

"పోపుగార్ని?"

"వాళ్లే."

కాస్త దూరం సైకిలు నడిపించుకుంటూ నడిచాడు. "మరయితే మన ఓటెక్కడున్నాదిరా?"

లేదు అన్నాను. దానికి కూడా నవ్వాను. ఆ నవ్వు తల్చుకుంటే ఇప్పుడు నా మొహం నాకే అసహ్యంగా ఉంది. నలభై ఏళ్లు ఎండలో సైకిలు తొక్కి వాళ్ల గుడిని పదకొండు పల్లెల్లో నిలబెట్టిన మనిషి, మా వంతు ఎప్పుడని అడిగితే అది జోకెలా అవుతుంది? వంతు లేదని తెలియకపోవడం ఆయన తప్పా, వంతు లేకపోవడం ఎవరి తప్పు? ఇంత పెద్ద గుడిలో ఈ ఒక్క ముక్క నవ్వకుండా చెప్పే మనిషి దొరకలేదు ఆయనకి.

తర్వాత కొత్త ఫాదరుగారొచ్చారు. రోములో చదువుకొచ్చిన కుర్రాడు. చెడ్డవాడు అనను. వచ్చిన ఏడాదికే ఉపదేశి గారికి పెద్దతనం వచ్చింది, విశ్రాంతి అవసరం అని పండగ రోజున శాలువా కప్పారు. మావ శాలువా మడిచి పెట్టెలో పెట్టి, మర్నాడు పొద్దున్న మామూలుగానే గుడికెళ్లి గంట కొట్టాడు.

మొన్నటి వేసవిలో పోపుగారు పోయారు. మావ అప్పటికే మంచం పట్టాడు. కాళ్లు వాచాయి, ఊపిరి అందడం లేదు. రాజాం డాక్టరు ఇంటికి తీసుకెళ్లిపొమ్మన్నాడు. నేను చూడ్డానికి వెళ్తే, ఆ ఆయాసంలో కూడా అడిగాడు, "ఈపాలి ఎవులికంటావు?"

"టీవీలో అదే చెప్పమని పిలిచారు మావా. నన్నూ, ఫాదరుగార్నీ. ఎల్లుండి పొద్దున్న లైవు."

ఎంత సంబరపడ్డాడో! మా అత్తని పిలిచాడు. "ఒసే, అల్లుడు టీవీలో వస్తన్నాడట! కేబులోడికి సెప్పి ఆ బొమ్మ సరిసేయించు." తర్వాత నా చెయ్యి పట్టుకున్నాడు. మాట తగ్గించాడు. నా దగ్గర ఆయన గొంతు తగ్గించడం అదే మొదటిసారి. "నాకు టైమొచ్చీసినట్టున్నాదిరా. ఇన్నాల్లూ అందరికీ నానే తెచ్చినాను. నాకు నువ్వు తేవాల. బేగి తే."

"తెస్తాను మావా" అన్నాను. అన్నాను. గట్టిగానే అన్నాను.

ఆ ఎల్లుండి పొద్దున్న పది గంటలకి స్టూడియోలో మొహానికి పౌడరు రాయించుకుని కూర్చున్నాం. వెనకాల రోము గుడి బొమ్మ పెద్దది. యాంకరమ్మ అడుగుతోంది, ఐరోపావాడా, ఆఫ్రికావాడా, ఆసియాకి ఛాన్సుందా అని. ఫాదరుగారు ఇటలీ పేర్లు నోరు తిరిగేలా పలుకుతున్నారు. నేను నాకు తెలిసినదీ తెలియనిదీ కలిపి చెబుతున్నాను. పొద్దున్నే చదువుకొచ్చిన నాలుగు ముక్కలు! నోట్లో పళ్లు ఎన్నున్నాయో తెలియని పెద్దమనుషుల గురించి, వాడికి ఇన్ని ఓట్లు, వీడికి అన్ని ఓట్లు అని, బొబ్బిలి మామిడికాయల బేరం చెప్పినట్టు చెబుతున్నాను. భలేగా ఉంది ప్రాణానికి. జన్మలో మొదటిసారి నా మొహం మీద అంత లైటు పడింది.

బల్ల మీద ఫోను వణికింది. చూశాను. అత్త. బోర్లా పెట్టాను.

వెంటనే యాంకరమ్మ, మన ప్రాంతం వాళ్లు దీన్ని ఎలా చూస్తున్నారు, ఏదైనా సరదా సంగతి చెప్పండి మాస్టారూ అంది. చెప్పాను. అదే మీరు చూసిన వీడియో. మావ గొంతు కూడా పట్టాను, "మా పేటోల్లకి ఎప్పుడొస్తాది?" అని. అందరం నవ్వాం.

బ్రేకు వచ్చింది. ఫోను తిప్పితే అయిదు కాల్స్ ఉన్నాయి. చేశాను. అత్త ఏడవడం లేదు, దానికే ఇంకా భయం వేసింది. "ఊపిరి మారీసింది బాబూ. ఫాదరుగార్ని తెమ్మంటన్నాడు. బేగి రండి."

ఫాదరుగారికి చెప్పాను. ఆయన సంచి కుర్చీ కిందే ఉంది, అందులో తైలం సీసా ఉంది, అది లేకుండా ఆయన ఎక్కడికీ కదలరు. ఆయన మొహం మారింది. గడియారం చూశారు. యాంకరమ్మని చూశారు. "ఇంకొక్క సెగ్మెంటేనట మాస్టారూ. ఇరవై నిమిషాలు. అవగానే వెళ్లిపోదాం. మధ్యలో లేస్తే బాగోదు, లైవు."

ఇరవై నిమిషాలు! ఆ ఇరవై నిమిషాల్లో ఏం మాట్లాడారో తెలుసా? పోపుని ఎన్నుకునే చోట గొట్టంలోంచి పొగ నల్లగా ఎందుకు వస్తుంది, తెల్లగా ఎందుకు వస్తుంది. దానిలో ఏ మందు కలుపుతారు. కొత్తాయన ఏ పేరు పెట్టుకోవచ్చు. ఛీ! పదకొండు పల్లెల్లో చావబోయే ప్రతివాడి దగ్గరికీ ఫాదరుని మోసుకెళ్లిన మనిషి అక్కడ ఫాదరు కోసం చూస్తుంటే, ఇక్కడ ఫాదరు పొగలో కలిపే మందు గురించి చెబుతున్నాడు!

చిలకపాలెం దగ్గర హైవే దిగాక రాజాం దాకా ఆ రోడ్డు సంగతి మీకు తెలుసు. గోతుల మీద గోతులు. మధ్యలో మొక్కజొన్న ట్రాక్టర్లు. ఫాదరుగారు జపమాల తిప్పుతూనే ఉన్నారు. నేను హారను మీద నుంచి చెయ్యి తియ్యలేదు. పేట మలుపు తిరిగేసరికి ఇంటి ముందు చెప్పులు కనిపించాయి. అన్ని చెప్పులు ఎందుకుంటాయో నాకు తెలుసు.

లోపల మంచం పక్కన బల్ల ఉంది. తెల్లగుడ్డ. ఒత్తి చివరిదాకా కాలి గుడ్డకి మైనం అంటుకుంది. పళ్లెంలో దూది ఉండలు వరసగా ఉన్నాయి. మంచం మీద ఆనుకుని కూర్చుని తనే చుట్టుకున్నాడట. ఫాదరుగారు మోకాళ్ల మీద పడి చనిపోయినవాళ్ల ప్రార్థన మొదలెట్టారు. సీసా తియ్యలేదు. పోయినవాళ్లకి తైలం పుయ్యరు. ఆ సంగతి మాకు నేర్పింది మావే.

అత్త నన్ను పక్కకి పిలిచి చెప్పింది. తిట్టినా బాగుండేది. మామూలుగా చెప్పింది.

"టీవీ ఎట్టమంటే ఎట్టినాను. మంచం ఇటేపు తిప్పమన్నాడు. నాను నీకు ఫోన్ సేస్తంటే నువ్వు దానికేసి సూసినావు గదా, ఆ బొమ్మలో కనబడినాది. 'సూసినాడే, అల్లుడు సూసినాడు. ఒచ్చీస్తాడు' అన్నాడు. బాప్టిస్టు పాస్టరుగారు పాపం ఎదురింట్లోంచి లగెత్తుకొచ్చి ప్రార్థన సేస్తానన్నారు. 'వద్దు బాబూ, మా ఫాదరుగారు దారిలో ఉన్నారు' అని అంపీసినాడు."

"అత్తా, మరి... నేను ఆయన మాట చెప్పినప్పుడు..."

"ఇన్నాడు. ఇనకేటి. నువ్వు నవ్వతంటే ఆడూ కొంచెం నవ్వినాడు. నీ కేసి సూసీ."

నేను బయటికొచ్చేశాను. పెరట్లో సైకిలు ఉంది, దాని సీటు పట్టుకుని నిలబడ్డాను. ఏడుపు రాలేదు. కోపం వచ్చింది. ఇప్పటికీ అదే ఉంది.

మట్టి చేసిన మూడో రోజు విచారణ బంగళాకి వెళ్లాను. ఫాదరుగారు వరండాలో ఒక్కరే కూర్చుని ఉన్నారు. కుర్చీ వెయ్యబోతే వద్దన్నాను. ఏం చెప్పాలో దారంతా తయారు చేసుకునే వెళ్లాను. "బ్రేకులో మీకు చెప్పాను ఫాదర్. మనిషి పోతున్నాడని చెప్పాను. తైలం మీ కాళ్ల దగ్గరుంది. ఆ రోజు రోములో ఎవడు గెలిస్తే మనకేం, ఎవడు ఓడితే మనకేం! మిమ్మల్ని ఇక్కడికి పంపింది టీవీలో కూర్చోవడానికా? ఆయన మీలాంటివాళ్లని మెడ మీద మోశాడు. ఎందుకు లేవలేదు మీరు?" అరుపులకి లోపల వంట చేస్తున్నామె వచ్చి గుమ్మంలో నిలబడింది. నేను ఆపలేదు. బిషప్పుని తిట్టాను, చానల్ని తిట్టాను, రోముని తిట్టాను.

ఆయన అన్నీ విన్నారు. నేను ఊపిరి తీసుకోవడానికి ఆగినప్పుడు అన్నారు, "తప్పే మాస్టారూ. ఇంకో ఫాదరు ముందు మోకరించి పాపసంకీర్తనంలో ఒప్పుకున్నాను. అయినా పోలేదు. రాత్రిళ్లు నిద్ర ఉండటం లేదు."

తర్వాత తలెత్తి నన్ను చూశారు. వెటకారం లేదు, ఎదురు తిరగడం లేదు. నిజంగా తెలియక అడిగినట్టే అడిగారు.

"మీరెందుకు లేవలేదు?"

కారు నాది. తాళం నా జేబులోనే ఉంది.